ఆమనికి గుర్తున్నది

"చూశారుగా మేడమ్, నాలుగంకెలు చెప్తే మూడోది వచ్చేసరికే మర్చిపోయింది. సినిమా పాటలైతే గుక్క తిప్పుకోకుండా పాడుద్దండి. చదువు రాకపోవడం బద్ధకం కాక డిస్లెక్సియా అంటారేంటండీ?" అన్నాడు నూకరాజు.

షార్జాలో ఆ క్లినిక్కుకి అతనొచ్చిందే భార్య మణి పోరు పడలేక. ఎనిమిదేళ్ల కూతురు ఆమనిని వచ్చే నెల కాకినాడ హాస్టల్లో వేసెయ్యాలని ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

"అక్షరాల వరస నిలవడం వేరు, విన్న మాట నిలవడం వేరండీ," అంది పిల్లని పరీక్షిస్తున్న స్నిగ్ధ మేడమ్.

"జ్ఞాపకంలో కూడా ఫ్రిజ్జులోలాగా అరలుంటాయాండీ?"

ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "నీకు బాగా గుర్తున్నదొకటి చెప్పమ్మా."

ఆమని కళ్లు మూసుకుని, అచ్చం నాన్నలాగే గొంతు బొంగురు చేసింది.

"'ఈ మొద్దుని మొయ్యడం నా వల్ల కాదన్నయ్యా. హాస్టల్లో పడేస్తే పీడా వదులుద్ది. చిన్నదొక్కతే నా కూతురనుకుంటా.'"

మణి దిగ్గున మొగుడి వైపు తిరిగింది. మొన్న ఫుజైరా నుంచి వస్తూ, కారులో తల్లీ పిల్లలూ నిద్రపోతున్నారనుకుని ఫోన్లో అన్న మాటలవి. ఒక్కటీ పొల్లు పోలేదు. నూకరాజు తల దించేసుకున్నాడు.

ఆమని కళ్లు తెరిచి, మెచ్చుకుంటాడేమోనని అతని ముఖంలోకి ఆశగా చూసింది.

"ఈసారి ఏం తప్పు పోలేదు కదా నాన్నా?"