ముళ్ళపొదలో చోటు

ఒకసారి అడివిలో నక్కలు పడి కౌజుపిట్టల్ని గుడ్లతో సహా తుడిచిపెట్టేశాయి. ముళ్ళపొదలో దూరిన ముసలి కౌజు ఒక్కతే మిగిలింది. అప్పట్నించీ ఏటా ఆ రోజున పిట్టలన్నీ ఆ పొద దగ్గర చేరి చచ్చినవాళ్ళని తలుచుకుంటాయి.

ఈసారి కాకి తూర్పుకి తిరిగి మొక్కాలంది. కాదు, పడమటికే అంది పావురం. కౌజు వింటూ కూచుంది.

ఇంతలో పూరేడుపిట్ట పిల్లల్తో రొప్పుతూ వచ్చింది. "నక్కలు మా మీద పడ్డాయి, పొదలో దూరనివ్వండి!"

"అది చచ్చినవాళ్ళ పొద. తొక్కితే మైల," అంది కాకి.

"మొక్కులయ్యాక రావమ్మా," అంది పావురం.

కౌజు లేచి ముళ్ళకొమ్మని ఒంటితో పక్కకి నెట్టింది. "దూరవే పిల్లా. వీళ్ళ దిక్కు తేలేసరికి నక్కలొచ్చేస్తాయి."

"అదేంటత్తా, ఏడాదికోరోజు! తలుచుకోనివ్వవా?" అంది కాకి.

"నేను తలుచుకునేది ఇదేనే. మావాళ్ళ మీద నక్కలు పడ్డ రోజు మొదట మీ ఇద్దరి గుమ్మాలకే వచ్చా. మొక్కులయ్యాక రమ్మన్నారు."