హాకీ గ్రౌండులో పసుపు

"రాజలింగన్నా, నీకు దండం పెడ్త, నీ పసుపు తియ్యే! పది గంటలకు యూనివర్సిటీ సారొస్తుండు!"

"ఏడికి తియ్యాలె సారూ? పోసి ఆరు రోజులే ఆయె. ఇంకో నాలుగెండలు పడాలె," అన్నాడు రాజలింగు, పసుపు కొమ్ముల్ని కాలితో తిరగేస్తూ.

ఆత్మారాం నిజామాబాద్ శివారు కాలేజీలో ఆటల సారు. కాలేజీల హాకీ చాంపియన్‌షిప్ ఒక్కసారైనా తన గ్రౌండులో జరగాలని పంతొమ్మిదేళ్లుగా కొట్టుకుపోతున్నాడు. వచ్చే జూన్‌లో రిటైరు. ఇదే ఆఖరి అవకాశం. పోటీలో మిగిలినవి రెండే, బోధన్ కాలేజీ, తమ కాలేజీ. చూసి తేల్చడానికి యూనివర్సిటీ నుంచి భీమన్న సారు వస్తున్నాడు. గ్రౌండేమో ఈ చివర నుంచి ఆ చివరకు పసుపే పసుపు! ఏటా ఈ రోజుల్లో చుట్టుపక్కల రైతులకు అదే కళ్లం. కాదన్న ప్రిన్సిపాల్ ఇంతవరకూ పుట్టలేదు.

"నడిమిట్లనన్న తియ్యే! జర మన్ను కనవడితే చాలు."

"అట్లయితే నువ్వు గూడ ఓ గంప పట్టు సారూ," అంది రాజలింగు భార్య రుక్మాబాయి.

పట్టాడు పాపం. ఎత్తాడు, మోశాడు, చీపురు పట్టి ఊడ్చాడు. అరగంటకు తెల్ల చొక్కా, మీసాలు, చెవులు అన్నీ పచ్చబడ్డాయి.

"అయ్యో, పెండ్లికొడుకు లెక్కైనవ్ సారూ!" రుక్మాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పావు వంతైనా తియ్యకముందే జీపు వచ్చి ఆగింది. భీమన్న దిగి గ్రౌండు వంక చూశాడు, ఆత్మారాం వంక చూశాడు.

"ఇదేంది సారూ?"

ఆత్మారాంకు ఏడుపొక్కటే తక్కువ. "రేపటికల్ల తీసేపిస్త సారూ! కింద గ్రౌండు మస్తుంటది. ఒక్క రాయి లేదు, ఒట్టు!"

భీమన్న వంగి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచాడు.

"ఎన్ని రోజులైంది పోసి?"

"ఆరు," అన్నాడు రాజలింగు.

"ఆరు రోజులకే గింత గట్టిగైందా!"

చెప్పులు విడిచి గ్రౌండంతా తిరిగాడు. మడమతో తొక్కి చూశాడు. "తేమ లేదు. చదునుగుంది. వానొస్తే నీళ్లు నిలుస్తయా?"

"చుక్క నిలవది సారూ! పొద్దంత ఎండనే. ఏ మూలకూ నీడ పడది."

"పొద్దుగాల బోధన్ చూసే వస్తున్న. దీని ముందర అది ఎందుకూ పనికిరాదు."

ఆత్మారాం ఆనందం పట్టలేకపోయాడు. ఎదురుగా ఉన్న రాజలింగును గట్టిగా వాటేసుకుని, అతన్నే చాయ్‌కి తరిమాడు.

భీమన్న జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేసి అందించాడు. ఆత్మారాం చేతులు తుడుచుకుని చదివాడు. మళ్లీ చదివాడు. చాంపియన్‌షిప్ బోధన్‌లో అని ఉంది.

"ఇదేం అన్యాయం సారూ! మా గ్రౌండే మంచిగున్నదంటిరి గదా!"

"మంచిగున్నది గాబట్టే," అంటూ భీమన్న అతని భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు. "టోర్నమెంటు పెడితే పదిహేను రోజులు గ్రౌండు ఖాళీగుంచాలె. మాది జక్రాన్‌పల్లి. మూడెకరాల పసుపు ఉడకబెట్టి, ఏడ ఆరబోయాల్నో తెల్వక తిరుగుతున్న. రేపు పొద్దుగాల్నే మా ట్రాక్టర్లొస్తయ్, జర గా గోల్ పోస్టులు పీకి పక్కకు పెట్టించుండ్రి!"