ఉక్కు తాత పాల క్యాను

"దిగకమ్మాయ్, దిగకు! దిగితే గుట్ట నవ్వుతుంది!"

ఉక్కు తాత వెనకనుంచి అరిచేసరికే లెక్కల టీచరు సైకిలు దిగిపోయింది. దిగి ఊరుకుందా? పదిహేనేళ్ల పరుగు అలవాటు కదా, సైకిలును తోసుకుంటూ ఎగువకు పరుగందుకుంది. నాలుగు అంగల్లో మోకాలు కలుక్కుమంది.

"పరుగు మానమన్నది డాక్టరా, నేనా?" అంటూ తాత ఆమె పక్కనుంచి సాగిపోయాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. పాతకాలపు సైకిలు, వెనక తోలుపట్టీతో బిగించిన పాల క్యాను. ఎత్తు మొదలవగానే గొంతెత్తి పాట అందుకుంటాడు, పైకి చేరాక ఆపేస్తాడు. ఒంటిమీద చెమటచుక్క ఉండదు.

మోకాలు అరిగి పరుగు మానేశాక ఆమెకు తెల్లవారడమే దండగనిపించింది. అది చూడలేక తమ్ముడు మూలపడేసిన తన రేసు సైకిలు తెచ్చి ఇచ్చాడు. ఊరికే కాదు.

"నెలాఖరులోగా కాలు కింద పెట్టకుండా గుట్ట ఎక్కు. సైకిలు నీదే. లేదంటే పట్టుకుపోతా, అడిగేవాళ్లు ఇద్దరున్నారు."

ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

గుట్ట మీద టీకొట్టు దగ్గర ఆమె కుంటుకుంటూ వచ్చి అడిగింది. "క్యానులో ఎన్ని లీటర్లు తాతా?"

"ఇరవై. మా అమ్మాయి ఇంటికి. ఇదేం బరువు! వయసులో గేదెనే వెనక కట్టుకుని ఎక్కాను. దిగేటప్పుడు అదే తొక్కింది."

టీకొట్టు జనం గొల్లుమన్నారు. ఆమె మాత్రం మనసులో లెక్క వేసుకుంది. మనిషి బరువు, క్యాను బరువు, వయసు, ఎత్తు. ఎన్నిసార్లు వేసినా కుదరలేదు. చివరికి తప్పు తన కాళ్లదేనని తేల్చుకుంది.

"నా వల్ల కాదు తాతా. మీ వయసులో సగం కూడా లేను, మీ వెనక చక్రాన్ని అందుకోలేకపోతున్నాను."

"ఊపిరి నీ దగ్గర దండిగా ఉంది. కాళ్లకే ఆ కబురు ఇంకా అందలేదు. పరుగులో నేలను తన్నావు. ఇక్కడ తన్నకు, తిప్పు. ఎత్తు రాకముందే గేరు తేలిక చెయ్యి. వచ్చాక వెతుక్కుంటే గొలుసు తిట్టిపోస్తుంది. గుట్ట వైపు చూడనే వద్దు, నా క్యానును చూడు. దాన్ని అందుకో, చాలు."

"పోనీ, దాన్ని మీ అమ్మాయి ఇంటిదాకా నేను మోసిపెట్టనా?"

"ముట్టుకోకు!" తాత చప్పున అడ్డొచ్చాడు. "పాలు ఒలికితే మా అమ్మాయి నా పని పడుతుంది."

మర్నాడు ఆమె క్యానుకు ఇరవై గజాల వెనక ఉంది. ఆ మర్నాడు పది. మూడోరోజు క్యాను మీది సొట్టలు లెక్కపెట్టగలిగింది, ఏడు. ఎన్ని గతుకులు దాటినా పాలు తొణికిన చప్పుడే లేదు. అదీ ముసలాయన పనితనమే అనుకుంది.

నెలాఖరు ఉదయం తమ్ముడు గుట్ట మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె ముందే గేరు తేలిక చేసింది. తన్నలేదు, తిప్పింది. పరుగు రోజుల నాటి ఊపిరి ఎక్కడినుంచో నడిచొచ్చి కాళ్లలో దూరింది. చివరి మలుపులో క్యాను పక్కకొచ్చింది, తర్వాత తాత భుజం. తాత పాట మధ్యలో తెగింది.

"పో, పో! వెనక్కి చూడకు!" అన్నాడు తాత, మొదటిసారి రొప్పుతూ.

పైన తమ్ముడు చేతులు విప్పాడు. "నీదే అక్కా, తీసుకో. అయినా పాలు మోసుకునే ముసలాయన్ని దాటడం కూడా ఒక గొప్పేనా?"

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ మాట తనకూ తోచిందే.

వెనకే చేరిన తాత సైకిలును గోడకు ఆనించి టీకొట్టు వైపు నడిచాడు. అంతలోనే సైకిలు జారి పడింది. తోలుపట్టీ తెగి, క్యాను మూత ఊడి దొర్లిపోయింది. పాలన్నీ పోయాయనుకుని ఆమె పరుగెత్తబోయి, మోకాలు గుర్తొచ్చి నడిచింది.

నేల పొడిగానే ఉంది. తాత టీగ్లాసు పట్టుకుని ఆకాశం కేసి చూస్తున్నాడు.

ఆమె వంగి క్యానులోకి తొంగి చూసింది.

లోపల మూడు పచ్చలైట్లు వెలిగించుకుని, ఫుల్ ఛార్జింగుతో సైకిలు మోటారు బ్యాటరీ ఉంది.