పూర్వపక్షం

డాక్టరేటు పట్టా కోసం దయామీ రాసిన సిద్ధాంత వ్యాసం మీద పరీక్ష దగ్గర పడుతుండగా, పూర్వపక్షం వహించవలసిన వృద్ధురాలు చెప్పకుండా ప్రయోగశాలలో అడుగుపెట్టింది.

క్యూబాలో ప్రతి పరిశోధకునికీ అటువంటి ఒకరిని నియమిస్తారు. తప్పు పట్టడమే వారి ధర్మం.

పేరు ఓర్తెన్సియా. సాంతియాగో నగరం నుంచి వచ్చింది. ఆచార్యుడు ఎవెలియో తప్ప ఆమెను ఎరిగినవారు అక్కడ లేరు.

దయామీ పరిశోధన సరళమైనది. రెండు పదార్థాలను వేడినీటిలో కలిపితే, మందుకు మూలమైన పసుపుపచ్చని పొడి ఏర్పడుతుంది. లోహపు ఉత్ప్రేరకం అక్కరలేదు, ఖరీదైన ద్రావకం అక్కరలేదు. అవి దొరకని దేశానికి అది వరమే. పట్టా చేతికి వస్తే మందుల కర్మాగారంలో ఉద్యోగం సిద్ధంగా ఉన్నది.

కరెంటు యంత్రం మీది పాత్రలో నీటిని కలుపుతూ తిరుగుతున్న చిన్న అయస్కాంతపు కడ్డీని వృద్ధురాలు పరికించి, అది ఎప్పటిదని అడిగింది.

"నేను చేరకముందు నుంచీ ఉందండీ. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? అందరం కడుక్కుని వాడుకుంటాం."

"లోహాలతో చేసే ప్రయోగాలకీ ఇదేనా?"

"ఇదేనండీ."

"మరి పని చేసింది నీళ్ళో, దీనికి అంటుకున్న లోహమో నీకెలా తెలుసమ్మా? కొత్త పాత్ర తీసుకో. గాజుపుల్లతో, చేత్తో కలుపు. పొడి రాకపోతే నేను ఒప్పుకోను."

ఆమె గడప దాటగానే దయామీ మండిపడింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమనీ, తాను ఏదీ కనిపెట్టలేక పక్కవారి మీద పడిందనీ అన్నది. కరెంటు పోయినా ఇక నీ యంత్రం ఆగదులే అని స్నేహితులు నవ్వారు.

ఎవెలియో మాత్రం, "ముందు కలుపు," అన్నాడు.

కలిపింది. అరచేతులు బొబ్బలెక్కినా నీరు తేటగానే ఉన్నది. ఆమె కన్నులు చెమ్మగిల్లాయి. చదువంతా ఆ తేటనీటిలో మునిగిపోయినట్లు తోచింది.

సాయంకాలానికి నీరు మసకబారింది. అడుగున పసుపు పేరుకున్నది.

పరీక్షనాడు ఓర్తెన్సియా లేచి, "నా అభ్యంతరం వీగిపోయింది. ఈ పని నీటిదే," అని కూర్చున్నది.

దయామీ అందరికీ కేకూ రమ్మూ పంచింది. ఓర్తెన్సియా దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వృద్ధురాలు ఒంటరిగా సాంతియాగో బస్సెక్కింది.

"పీడ వదిలింది," అన్నది దయామీ.

"అలా అనకు తల్లీ," అన్నాడు ఎవెలియో. "నీకంటే ఎంతో ముందు, ఇదే గదిలో, వట్టి నీళ్ళతోనే చేశానని ఒక పిల్ల పట్టా పుచ్చుకుంది. లోకమంతా మెచ్చుకుంది. తర్వాత అందులో లోహం ఉందని, ఇంకెవరికీ అనుమానమైనా రాకముందే తానే కనిపెట్టి, ఆ పట్టా తిరిగిచ్చేసి, మళ్ళీ మొదటినుంచి చదువుకుంది మన ఓర్తెన్సియా."