వెనక ఇంజను

ఆ రోజు ఇంట్లో మేరమ్మ, ఆమె కొడుకు జ్ఞానశేఖర్, నలుగురిలో నోరు విప్పని కూతురు ఎలిజబెత్, మదనపల్లె నుంచి వేరుశనగ లోడుతో వచ్చిన మేనమామ కృపానందం ఉన్నారు. అతని లారీ పుంగనూరులో ఆగింది మేనల్లుడి కార్ల పందెం కోసమే.

"గెలిచినోడు నాతో కుప్పం వస్తాడు. ఆడ రైలెక్కితే బెంగుళూరు. యుద్ధం అయిపోయింది గదా, మిలిటరీవాళ్లు అమ్మేస్తాండే కార్లన్నీ సూపిస్తా. లారీలో ఒక్క సీటే ఉండాది," అన్నాడు కృపానందం.

జ్ఞానశేఖర్ ఒకచోట కూర్చోలేకపోయాడు. వాకిట్లోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మేరమ్మ పెట్టిన సంగటి కంచంలోనే చల్లారింది. నిన్న కూడా సంతమైదానం మలుపులో అతని రేసు కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టింది. రేసు కారు అనే అనాలి. వట్టి కారంటే అతనికి కోపం.

"వెనకాల ఇంజనుండే బండి అంతే అప్పా," అన్నాడు మేనమామ. "మలుపులో తోక జారతాది. యా పక్క జారితే ఆ పక్కకే స్టీరింగు తిప్పు. ఇంజను మాత్రం ఆగకూడదు. నడిమలుపులో ఆగిందా, తిరిగిపోతాది."

"నేను బాగానే తిప్పినా మామా. ఇంజనే ఆగిపోతాండాది!"

ఎలిజబెత్ తల వంచుకుంది.

మైదానంలో పోటీకి దిగిన లాల్ అహ్మద్ కారు సిద్ధంగా ఉంది. దానికీ ఇంజను వెనకే.

"ఏమప్పా, నీ ఇంజనుకి దమ్ముండాదా? లేకుంటే ఎద్దుల్ని కట్టుకో పో!" అని నవ్వాడు అహ్మద్.

కృపానందం ఈల వేశాడు.

రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ దూకాయి. మలుపు దాకా అహ్మదే ముందు. అక్కడ జ్ఞానశేఖర్ కారు తోక కుడికి జారింది. స్టీరింగు కుడికే తిప్పాడు. "ఆగొద్దు! ఆగొద్దు!" అని అరిచాడు. ఇంజను మూలిగింది. దగ్గింది. ఆగలేదు. తోక ఊగి ఊగి దారిలో పడింది. ఆగింది అహ్మద్ ఇంజను. అతని కారు గిర్రున తిరిగిపోయింది.

జ్ఞానశేఖర్ గెలిచాడు. ఇంజను చెంబెడు నీళ్లు తాగింది.

"ఎక్కు, పొద్దుపోతాండాది," అన్నాడు మేనమామ.

జ్ఞానశేఖర్ లారీలోకి దూకి, చెక్కపెట్టె బండిని నెట్టి నెట్టి అరచేతులు బొబ్బలెక్కిన చెల్లెలు తన వెనకే ఎక్కబోతుంటే, ఆమె ముఖం మీదే తలుపు మూస్తూ అన్నాడు: "యాడన్నా ఇంజను సీట్లో కూసుంటాదా మే?"