ఆవకాయ లేని రెండు రోజులు

విహిత కంచంలో సుధేష్ణ ఆవకాయ వెయ్యడం, అత్తగారు లావణ్య దాన్ని తీసి పక్కన పెట్టడం అప్పటికి మూడోసారి.

"రక్తకణాలు ఇచ్చే పిల్ల రెండు రోజులు కారం తినకూడదమ్మాయ్."

"ఇస్తుందని ఎవరన్నారత్తయ్యా? ఇచ్చినప్పుడల్లా జ్వరం. పదేళ్ళకే ఇది నాలుగోసారి. నా పిల్లేమన్నా వీధి కొళాయా?"

విహితకి వచ్చి మెదడుకి పాకిన ఆ కాన్సర్ దేశం మొత్తమ్మీద ఏటా పదిమంది పిల్లలకి కూడా రాదు. నయమైన పిల్లల రక్తకణాలకే దాన్ని వెతికి చంపడం తెలుసు. అలా ఎవరో పిల్ల ఇస్తేనే విహిత బతికింది. ఇప్పుడు రాయగడలో ఆరేళ్ళ పాపకి కావాలట. కణాలు తీసే చిన్న యంత్రం పొద్దున్నే డ్రోన్‌లో వచ్చి, విప్పకుండానే ఫ్రిజ్ మీద కూర్చుంది.

"ఆ పాప వాళ్ళమ్మని గుర్తుపడుతోందా నాన్నా?" అంది విహిత.

పక్కనే భోంచేస్తున్న తండ్రి పెరుగన్నం కలుపుతూ తలెత్తలేదు. "ఆంటీ అంటోందటమ్మా."

సుధేష్ణ చెయ్యి ఆగిపోయింది. రెండేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద విహిత ఆమె కొంగు పట్టుకుని, "ఆంటీ, మా అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. వచ్చేస్తోందని చెప్పింది సుధేష్ణ.

"నేనిస్తానమ్మా. జ్వరం తగ్గిపోతుందిగా," అంది విహిత.

సుధేష్ణ లేచి, జాడీకి మూత పెట్టి గుడ్డ కట్టింది. స్టూలెక్కి దాన్ని అటక మీదికి తోసింది.

"రెండు రోజులు ఈ ఇంట్లో ఎవ్వరికీ ఆవకాయ లేదు," అంది దిగుతూ, నెమ్మదిగా. "మీకూ లేదత్తయ్యా."