నాలుగు పలకలు

దేవుడు అడిగినవాడికి ఇస్తాడా, అవసరమైనవాడికి ఇస్తాడా?

కాంపౌండరుకి ఏళ్ళ తరబడి తేలని సందేహం ఇది. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే వచ్చి పక్కనే కూర్చునేది.

ఆవేళ కలప అడితిలో నిలబడి మాత్రం అతను దేవుణ్ణి ఒక్కటే అడిగాడు. "స్వామీ, ఏ చెక్క కొనాలో చెప్పు."

మామగారికి మోకాళ్ళు పట్టేశాయి. వీధిలోకి వెళ్ళడం ఎప్పుడో మానేశారు.

"పెరట్లో ఇంత చెక్క అరుగు వేయించు అల్లుడూ. ఎండా వానా చూస్తూ కూర్చుంటాను" అన్నారు. పెట్టింది తిని ఊరుకునే మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక.

వేయించడం కష్టం కాదు. దేనితో వేయించాలన్నదే తేలడం లేదు.

భార్య టేకు అంది. వడ్రంగి మద్ది అన్నాడు. పక్కింటాయన, ఎవరూ అడక్కుండానే, సిమెంటు అన్నాడు.

"ఎండకి పగలకూడదు, వానకి పుచ్చిపోకూడదు. ఏది మంచిది?" అని అడితి గుమాస్తాని అడిగాడు.

"అన్నీ మంచివే సార్."

"పోనీ, చెడ్డది ఏది?"

"చెడ్డది మేం అమ్మం సార్."

కాంపౌండరుకి తల తిరిగిపోయింది. ఎటు చూసినా పలకలే. ఒకటి గోధుమరంగు, ఒకటి ముదురు గోధుమరంగు, ఇంకొకటి ఆ రెండిటికీ మధ్య ఏదో.

"ఆ మూల దొంతర చూడండి" అంది వెనకనుంచి ఓ గొంతు.

గళ్ళ చొక్కా మనిషి. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ వయసు.

"నేను ఇదివరకు కొన్నాను. అంతా చేవే. నిక్షేపంగా ఉంది."

"మీరిక్కడ పనిచేస్తారా?"

"లేదండీ, కొనడానికే వచ్చాను."

"ఇంటికా?"

"ఇంటికి కాదు."

"షాపుకా?"

"నాకు షాపు ఎక్కడిదండీ!"

"మరెందుకు?"

"నడవడానికి."

"ఎవరు?"

గళ్ళ చొక్కా తల గోక్కున్నాడు. "ఎవరైనా."

కాంపౌండరుకి ఉన్న కాస్త మతీ పోయింది. పిచ్చివాడా? చూస్తే అలా లేడు. కమీషన్ల మనిషా? అలానూ లేడు. కమీషన్ల మనిషే అయి ఉంటాడని తేల్చుకున్నాడు.

గుమాస్తా టేపు పట్టుకుని దొంతరంతా కొలిచాడు. "మీ అరుగుకి సరిగ్గా సరిపోతుంది సార్. ఈ రకం మళ్ళీ వానలు తగ్గాకే వస్తుంది."

"అయితే మొత్తం నాకే."

"నాలుగు పలకలు నాకు వదలరూ?" అన్నాడు గళ్ళ చొక్కా. "మీ అరుగు ఇంత తగ్గుతుంది, అంతే."

"కుదరదండీ. మా మామగారి కోసం. మోకాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన అడిగినదాంట్లో కోత పెట్టలేను."

గళ్ళ చొక్కా పలకల వంక ఓసారి చూశాడు, కాంపౌండరు వంక ఓసారి చూశాడు.

"పెద్దాయనకా? అయితే తీసుకోండి. పలకకీ పలకకీ మధ్య సన్నగా సందు వదలమనండి, వాన నీళ్ళు దిగిపోతాయి."

అని ఊరుకోక, బండిలోకి ఎక్కించడానికి ఓ చెయ్యి కూడా వేశాడు. ఇక డబ్బులు అడుగుతాడని కాంపౌండరు జేబు తడుముకునేసరికి మనిషి లేడు.

అయితే దేవుడు అడిగినవాడికే ఇస్తాడన్నమాట, అనుకున్నాడు కాంపౌండరు. సగం దారిలో గుర్తొచ్చింది. ఆ గళ్ళ చొక్కా మనిషీ అడిగాడు కదా? మళ్ళీ మొదటికొచ్చింది.

అరుగు తయారైంది. మామగారు దానిమీద కుర్చీ వేయించుకుని, వచ్చేపోయే కాకుల యోగక్షేమాలు కనుక్కుంటూ కాలక్షేపం చేశారు.

వానలు పట్టుకున్నాయి.

ఓ ఉదయం ఒక ముసలావిడ కుంటుకుంటూ ఆస్పత్రికి వచ్చింది. కాంపౌండరు రోజూ దాటి వచ్చే చెక్క వంతెన పక్కనే ఆవిడ ఇల్లు.

"వంతెన పలక విరిగి కాలు దిగబడింది నాయనా."

"ఏటా మునిసిపాలిటీవాళ్ళు కొత్త పలకలు వేస్తారు కదమ్మా?"

"మునిసిపాలిటీయా! అక్కడో వంతెన ఉందనే వాళ్ళకి తెలీదు. అబ్బా! మెల్లిగా కట్టు, కాలు నాది!"

సాయంత్రం భోజనాల దగ్గర ఈ మాట చెప్పాడు. మామగారు ముద్ద ఆపారు.

"అల్లుడూ, నా అరుగు చివర నాలుగు పలకలు ఊడదీయించు. వంతెనకి వేద్దాం."

"మీరు ముచ్చటపడి వేయించుకున్నది మామయ్యా!"

"నేను కూర్చునేది ఒక్క కుర్చీలోనే కదయ్యా. మిగతా చోటంతా కాకులదే. అవి సర్దుకుంటాయిలే."

"కొనేటప్పుడు ఓ గొడవ, పీకేటప్పుడు ఓ గొడవ" అని భార్య నవ్వింది.

మర్నాడు కాంపౌండరు, వడ్రంగి కలిసి పలకలు వంతెన దగ్గరికి మోశారు. విరిగిన దాన్ని తీసి చూసి వడ్రంగి మండిపడ్డాడు.

"పెట్టెలకి వాడే చెక్క ఇది! ఏ బుద్ధిమంతుడు వేశాడో!"

"ఆయన్నేమీ అనకు" అంది ముసలావిడ గుమ్మంలోంచి. "ఏటా వానలకి ముందు తనే కొని, తనే మోసుకొచ్చి, తనే బిగించేవాడు. ఎవరని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఉద్యోగం అయిపోయింది, ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఇక రాడు."

కాంపౌండరు నాలుగో పలక కూడా బిగించి, దానిమీద నిలబడి చూశాడు. కదల్లేదు.

ముసలావిడ కుంటుతూ వచ్చి పలకని చేత్తో తడిమింది. "ఈ చెక్కే బాబూ ఆయన ఏటా తెచ్చేది! ఈసారి కొందామని వెళ్తే, మోకాళ్ళు పట్టేసిన మామగారికి అరుగు వేయించాలని ఎవరో మొత్తం పట్టుకెళ్ళారట. 'పెద్దాయన హాయిగా కూర్చోనీ, వచ్చేపోయేవాళ్ళకి నేనే ఏదో చూస్తాలే' అన్నాడు."